అప్‌డేట్: పసుపు సారంలో కర్క్యుమిన్ పీక్‌లు విడిపోయాయి

పదార్థాలను విడదీసే ద్రవ క్రోమటోగ్రఫీలో పసుపు సారాన్ని సీ18 కాలమ్‌పై (నూనెలాంటి పూత ఉన్న రేణువులు నింపిన గొట్టం) నడిపినప్పుడు, పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్, డెమెథాక్సీకర్క్యుమిన్, బిస్‌డెమెథాక్సీకర్క్యుమిన్ పీక్‌లు (గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాలు) ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని, వాటిని విడదీసే మార్గం చెప్పమని ఇదివరకు అడిగాను. మొబైల్ ఫేజ్‌లో (సారాన్ని కాలమ్ గుండా మోసుకెళ్లే ద్రవంలో) ఎసిటోనైట్రైల్ అనే ద్రావణి నిష్పత్తిని కొంత తగ్గించి, నీటి భాగానికి ఎసిటిక్ ఆమ్లం చేర్చమన్న సలహా ఫలించింది. 425 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం వద్ద మూడూ విడివిడిగా, బిస్‌డెమెథాక్సీ రూపం ముందు, కర్క్యుమిన్ చివర వస్తున్నాయి. అయితే పీక్‌లు విడిపోయినంత మాత్రాన పరిమాణం సరిగా తేలినట్టు కాదు. కర్క్యుమిన్ వెలుతురులోనూ, క్షార ద్రావణంలోనూ విచ్ఛిన్నమవుతుంది కనుక స్టాండర్డ్ ద్రావణాలను (గాఢత ముందే తెలిసినవి) గోధుమరంగు వయల్స్‌లో భద్రపరచి, మూడింటికీ వేర్వేరు కాలిబ్రేషన్ రేఖలు (పీక్ వైశాల్యం నుంచి గాఢతను లెక్కగట్టే గీతలు) గీస్తున్నాను. (ఒక్క కర్క్యుమిన్ స్టాండర్డ్‌తోనే మొత్తం లెక్కగట్టడం తేలికే గాని, నాకు దానిపై నమ్మకం కుదరలేదు.) తెలిసిన మోతాదును సారానికి కలిపి, అందులో ఎంత తిరిగి దొరుకుతుందో చూసే రికవరీ పరీక్ష ఇంకా చేయవలసి ఉంది.