మినీ ట్రాక్టర్ స్పేర్ కప్లర్‌కి జోడీ వెతకాలా, బ్యాటరీ నుంచి కొత్త లైను లాగాలా?

నిమ్మతోట_గూడూరు:
24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్. వెనకాల 18 వాట్ల ఎల్ఈడీ వర్క్ లైట్లు రెండు, 12 వోల్టుల స్ప్రే పంపు (8 ఆంపియర్లు) బిగించాలి. డ్యాష్‌బోర్డు కింద తెల్ల రెండు పిన్నుల కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఖాళీగా ఉంది, ఎడమ మడ్‌గార్డు దగ్గర మూతతో ఇంకొకటి. వాటికి జోడీ విడిగా రాదు, మొత్తం వైరింగ్ కిట్టు కొనాలంటున్నారు స్పేర్ కౌంటర్‌లో. కప్లర్ కోసేసి వైర్లు మెలేసి టేపు చుడితే సరిపోతుందంటున్నాడు ఎలక్ట్రీషియన్. ఏది చేయాలి?

ఆటోనగర్_వైరింగ్:
కోయొద్దు అన్నా. కోసిన కప్లర్‌ని మళ్లీ మామూలుగా చేయలేం, వారంటీలో ఉన్న బండి అయితే కొర్రీ పెడతారు కూడా.

జోడీ దొరక్కపోవడానికి కారణం పార్ట్ నంబరుతో వెతకడమే. కొలతతో వెతకాలి. వెర్నియర్‌తో లోపలి మగ పిన్ను వెడల్పు చూడండి: 2.3 మి.మీ. ఉంటే 090 సిరీస్, 2.8 అయితే 110, 4.8 అయితే 187, 6.3 అయితే 250. ఆ తర్వాత పిన్నులెన్ని, లాక్ పైనుందా పక్కనుందా, వైరు చుట్టూ రబ్బరు సీలు ఉందా చూసుకోండి. బండి వైపున్నది ఆడదైతే మీకు మగది కావాలి. ఇక్కడే చాలామంది తప్పు కొంటారు. ప్లాస్టిక్ పెట్టె మగదిలా కనిపించినా లోపల టెర్మినల్ ఆడది కావచ్చు, రెండూ విడివిడిగా చూడాలి.

090, 110 రకాలు టూవీలర్లలో విరివిగా వాడతారు. కాబట్టి ట్రాక్టర్ షాపు వదిలేసి విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో టూవీలర్ వైరింగ్ సామాన్లు అమ్మేచోట ఫొటో, కొలత చూపించి అడగండి. వైర్లతో సహా వచ్చే జత తీసుకుంటే క్రింపింగ్ (వైరుకి టెర్మినల్ నొక్కి బిగించడం) బాధ తప్పుతుంది.

బోరుబావి_రెడ్డి:
జోడీ దొరికితే మాత్రం ఆ లైను 8 ఆంపియర్ల పంపుని మోస్తుందా? ఆ కప్లర్ వెనక వైరు చూడండి, చాలా బండ్లలో సన్నగా ఉంటుంది. 1 చదరపు మి.మీ. రాగి వైరు మీటరుకి సుమారు 18 మిల్లీఓమ్‌లు. బ్యాటరీ నుంచి వెనకదాకా 5 మీటర్లనుకుంటే రానూపోనూ 10 మీటర్లు. 8 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.4 వోల్టులు వైరులోనే పోతాయి. పంపు తిరుగుతుంది గానీ ప్రెషర్ రాదు, నాజిల్ దగ్గర పొగమంచులా రావాల్సింది చినుకులై పడుతుంది. మందు ఆకు మీద నిలవదు. అదే 2.5 వైరైతే 0.6 వోల్టే పోతుంది.

ఆ సర్క్యూట్ ఫ్యూజులో ఇంకేమున్నాయో చూశారా? అది మీటరు బోర్డుకీ అదే ఫ్యూజైతే, పంపు జామైన రోజు రెండూ ఆగుతాయి.

నేరుగా బ్యాటరీ నుంచి లాగండి. ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే 20 ఆంపియర్ల ఫ్యూజు (పసుపుది), అక్కణ్ణుంచి 2.5 ఆటో కేబుల్. ఇంటి వైరింగ్‌లో మిగిలిన గట్టి తీగ వాడొద్దు, ఇంజిన్ అదురుకి లోపల విరుగుతుంది. వెనకాల నీళ్లు దూరని డాయిచ్ కంపెనీ డీటీ రకం కప్లర్ పెట్టుకుంటే జోడీ కోసం ఇంకెప్పుడూ వెతకక్కర్లేదు.

సర్క్యూట్_శ్రీను:
రెడ్డిగారూ, లెక్క సరైనదే. కప్లర్ విషయంలో ఒక సవరణ. మామూలు డీటీ పిన్ను 13 ఆంపియర్లకి, 2 చదరపు మి.మీ. వైరు వరకే. 2.5 వైరుని అందులోకి ఎక్కించడానికి నాలుగు పోగులు కత్తిరించేస్తారు, వేడి సరిగ్గా అక్కడే పుడుతుంది. 2.5కి అదే కంపెనీ పెద్ద రకం డీటీపీ తీసుకోండి, అది 25 ఆంపియర్లది. లేదా డీటీకి 2 వైరు వాడండి, ఈ పంపుకి అదీ చాలు. రేకు మడిచింది కాకుండా ఘన (గట్టి కడ్డీలాంటి) టెర్మినల్ అయితే కటింగ్ ప్లయరుతో నొక్కితే నిలవదు, దాని క్రింపింగ్ టూలే కావాలి.

స్పేర్ కప్లర్‌ని వదిలేయక్కర్లేదు కూడా. రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) సిగ్నల్‌గా వాడుకోండి. 40 ఆంపియర్ల రిలేలో 30 నంబరు పిన్నుకి బ్యాటరీ లైను ఫ్యూజు మీదుగా, 87 నుంచి లోడు, 86కి స్పేర్ కప్లర్ కరెంటు, 85 ఎర్తు. కాయిల్ లాగేది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు, సన్న వైరుకి అది లెక్కే కాదు. తాళం తీస్తే పంపు, లైట్లు ఆగిపోతాయి, రాత్రంతా బ్యాటరీ దిగిపోదు.

ఆటోనగర్_వైరింగ్:
అంటే జోడీ వెతకాల్సిందే కదా! నేను చెప్పేదీ అదే. లైట్లు రెండూ కలిపి 36 వాట్లు, 3 ఆంపియర్లు. వాటికి రిలే ఎందుకు, స్పేర్ కప్లర్ నుంచే ఇవ్వొచ్చు. పంపు ఒక్కదానికే కొత్త లైను.

ముందు ఆ కప్లర్‌లో సత్తా ఉందో లేదో చూడాలి. లోడు లేకుండా మల్టీమీటరు ఒక్కదాన్నే నమ్మొద్దు. లోపల ఒక్క పోగు మిగిలున్నా 12.6 చూపిస్తుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి మీటరు పెట్టండి: అరవోల్టు తగ్గితే ఫరవాలేదు, 10కి పడిపోతే పిన్ను పచ్చబారిందనే (చిలుము పట్టిందనే). తాళం తీసి, వేసి, హెడ్‌లైటు వేసి మూడుసార్లు చూడండి, ఏ పిన్ను ఎప్పుడు లైవో తెలుస్తుంది.

నిమ్మతోట_గూడూరు:
ట్రైలర్ ఏడు పిన్నుల సాకెట్ నుంచి లైట్లకి తీసుకోవచ్చా? వెనకే ఉంది కదా.

సర్క్యూట్_శ్రీను:
వద్దు. ట్రైలర్ సాకెట్ల ప్రమాణం ఐఎస్ఓ 1724 ప్రకారం పిన్ను 3 ఎర్తు, 5, 7 టెయిల్ ల్యాంపులు, 6 బ్రేకు లైటు, 1, 4 ఇండికేటర్లు. టెయిల్ ల్యాంపు లైనులోంచి వర్క్ లైటుకి తీసుకుంటే ట్రైలర్ తగిలించిన రాత్రి ఫ్యూజు పోతుంది, రోడ్డు మీద వెనక దీపాలన్నీ ఆరిపోతాయి. అది ప్రాణం మీదకి తెచ్చే పని.

బోరుబావి_రెడ్డి:
లైట్లని స్పేర్ కప్లర్ మీద పెట్టడానికి ఒప్పుకుంటాను, ఆ ఫ్యూజు మీద వేరే ముఖ్యమైన లోడు లేదని తేలితేనే. పంపు విషయంలో మాత్రం నా మాట మారదు.

ఇంకోటి, ఎర్తుని మడ్‌గార్డు బోల్టుకి ఇవ్వకండి. పెయింటు మీద లగ్గు (వైరు చివరి రింగు) బిగిస్తే మొదట్లో పనిచేస్తుంది, మందునీళ్లు కారి తుప్పు పట్టాక లైట్లు మిణుకుమంటాయి. అప్పుడు అందరూ కప్లర్‌ని అనుమానిస్తారు. ప్లస్ ఎంత లావుదో మైనస్ వైరూ అంతే లావుది, బ్యాటరీ దాకా లాగండి.

నిమ్మతోట_గూడూరు:
డ్యాష్ కింద పిన్ను 2.8 మి.మీ., సీలు లేదు. తాళం వేస్తేనే లైవ్, బల్బు పెడితే 12.2 నిలిచింది. మడ్‌గార్డు దగ్గరిది హెడ్‌లైటు వేస్తేనే వస్తోంది.

ఆటోనగర్_వైరింగ్:
110 సిరీస్, రెండు పిన్నులది, సీలు లేనిది అని అడగండి. డ్యాష్ కిందిది రిలే సిగ్నల్‌కి, మడ్‌గార్డుది లైట్లకి. ఆ రెండోదానికి మాత్రం సీలున్న జోడీయే తీసుకోండి, దాని మూత పారేయకండి.