కేసులు ఎత్తివేస్తే ఊరు చల్లబడుతుందా?

అమలాపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న మా పట్టణంలో సాగిన ఆందోళనలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. కొన్ని రోజులపాటు ఇంటర్నెట్ కూడా ఆపేశారు. ఇటువంటి ఘర్షణ జరిగిన ఏ ఊళ్లోనైనా ఏళ్ల తరబడి కేసులు నడిపితే పగ ఆరదనీ, పెద్దలు కూర్చుని రాజీ చేసి కేసులు ఎత్తివేయిస్తేనే శాంతి నిలుస్తుందనీ నా నమ్మకం. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల ఘర్షణలో మూడు దశాబ్దాల్లో సుమారు 3,500 మంది చనిపోయిన ఉత్తర ఐర్లాండ్‌లో 1998 ఏప్రిల్ 10 నాటి శాంతి ఒప్పందం తరువాత, కాల్పుల విరమణ పాటించిన సాయుధ దళాల ఖైదీలను రెండేళ్లలో విడిచిపెట్టారు. అక్కడ సాధ్యమైనది మన దగ్గర ఎందుకు కాకూడదు?

రాజోలు, న్యాయవాది:
మాస్టారూ, విడుదలైనవారు నేరం రుజువై శిక్ష పడినవారు. ఎవరు ఏమి చేశారో కోర్టు రికార్డులో ఉండగానే, మళ్లీ హింసకు దిగితే తిరిగి జైలుకు పంపుతామన్న షరతు మీద వదిలారు. మీరు చెబుతున్న రాజీలో ఆ రికార్డే ఉండదు. పైగా ఆ శాంతి విడుదల వల్ల మాత్రమే నిలవలేదు. క్యాథలిక్కులు నూటికి ఎనిమిది మంది మాత్రమే ఉన్న పోలీసు శాఖను వారు తమదిగా ఎన్నడూ అనుకోలేదు గనుక, 2001లో దాన్ని కొత్త పేరుతో పునర్నిర్మించి, పదేళ్లపాటు కొత్త నియామకాల్లో సగం వారికే కేటాయించారు. ఫిర్యాదు చేయడానికి స్టేషన్ మెట్లెక్కే ధైర్యం లేని చోట భద్రత అన్న మాటకు అర్థం లేదని నేను నా వృత్తిలో రోజూ చూస్తున్నాను.

వర్ణవివక్ష పాలన ముగిశాక దక్షిణాఫ్రికాలోనూ క్షమాభిక్ష ఊరికే ఇవ్వలేదు. చేసినదంతా బయటపెట్టాలన్నది షరతు. 7,000 మందికి పైగా దరఖాస్తు చేస్తే అత్యధికులకు తిరస్కరించారు.

భీమవరం వైపు, కౌలు రైతు:
నేను దళితపేటలో పుట్టినవాణ్ణి. 2017లో మా దగ్గరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయమై దళిత కుటుంబాలను వెలివేసి, పొలం పనులకు పిలవడం మానేశారు. ఇళ్లు తగలబెట్టకపోయినా, సార్వా నాట్లకు పిలుపు రాని కుటుంబానికి అది దాడి కంటే తక్కువేమీ కాదు. వెలి వేయడాన్ని నేరమని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన 2015 సవరణలో స్పష్టంగా రాశారు, కానీ రేపు కౌలుకు భూమి ఇవ్వవలసింది వెలివేసిన ఆసామియే అయినప్పుడు కేసు పెట్టినవాడు ఎంతకాలం నిలబడగలడు? రాజీకి ఒప్పుకున్నాడంటే మనసు మారిందని కాదు, ఇంట్లో గింజలు అయిపోయాయని అర్థం.

అమలాపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఈ మాట నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. అయినా కోర్టు దారి మీద నాకు నమ్మకం కుదరడం లేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపితే, ప్రత్యేక కోర్టు తీర్పుకు 2007 దాకా ఆగవలసి వచ్చింది. ఆ శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. ఆ కుటుంబాలకు మిగిలిందేమిటి?

రాజోలు, న్యాయవాది:
చుండూరు పేరు వింటే మా వృత్తి మీద నాకే బాధ కలుగుతుంది. కానీ దాని నుంచి నేర్చుకోవలసింది విచారణ త్వరగా, గట్టిగా జరగాలని. అసలు వద్దని కాదు. కేసు ఉపసంహరణకు కోర్టు అనుమతి ఎప్పుడూ అవసరమే. క్రిమినల్ కేసులు నడిపే తీరును చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 360వ సెక్షన్ ప్రకారం బాధితుడి మాట వినకుండా కోర్టు ఆ అనుమతి ఇవ్వకూడదు. మీ రాజీలో ఇల్లు కాలినవాడు మొదట మాట్లాడాలి, కాల్చినవాడు తాను చేసినది అందరి ముందు చెప్పాలి, నష్టం కట్టాలి; ఆ తరువాతే ఉపసంహరణ గురించి అడగండి.

భీమవరం వైపు, కౌలు రైతు:
ఆ సభ ఎక్కడ పెడతారు మాస్టారూ? రామాలయం అరుగు మీద అయితే మా పేటవాళ్లు వచ్చినా నిలబడే ఉంటారు.

అమలాపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
పంచాయతీ కార్యాలయంలో, అందరికీ కుర్చీలు వేసి పెట్టాలి. అంతకు ముందు పేటకు వెళ్లి అడగవలసినవాళ్లం మేము. వాళ్లు వద్దంటే కేసు నడవవలసిందే.