‘జెలొజీయ’కి తెలుగు మాట: అసూయా, ఈర్ష్యా, అనుమానమా?

అడిగినవారు: ఎత్తోరె స్కోలా 1970లో తీసిన ఇటాలియన్ సినిమా ‘ద్రమ్మా దెల్లా జెలొజీయ’ మీద చిన్న పరిచయం రాస్తున్నాను. రోములో తాపీమేస్త్రి ఒరెస్తె, పూలమ్మే అదెలాయిదే, పిజ్జాలు చేసే కుర్రాడు నెల్లో. ముగ్గురి ప్రేమ నవ్విస్తూ నవ్విస్తూనే చావు దాకా పోతుంది. పేరుని ‘అసూయ నాటకం’ అంటే చప్పగా ఉంది. ఇంకో మాట చెప్పగలరా?

జవాబు: అసూయ కుదరదండీ. ‘అక్షాంతిరీర్ష్యా, అసూయా తు దోషారోపో గుణేష్వపి’ అంది అమరకోశం. ఓర్వలేకపోతే ఈర్ష్య, ఎదుటివాడి మంచిలోనూ తప్పు పడితే అసూయ. పారిజాతం రుక్మిణికి దక్కిందని విన్న సత్యభామ అలకని కూడా ‘ఈర్ష్యామానం’ అనే అంటారు. నా ఓటు ఈర్ష్యకే.

ఇంకొకరు: శాస్త్రం సరేనండీ, ‘మా ఆయనకి ఈర్ష్య’ అని ఏ ఇల్లాలైనా అంటుందా? ‘మా ఆయనకి అనుమానం’ అంటుంది.

అడిగినవారు: కానీ ఒరెస్తెకి అనుమానమేముంది? సంగతంతా తెలిశాకేగా గొడవ!

మరొకరు: ఆ పేరుకి తోక ఉంది, చూశారా? ‘తుత్తి ఇ పర్తికొలారి ఇన్ క్రోనకా’, అంటే ‘పూర్తి వివరాలు స్థానిక వార్తల్లో’. అంటే మొత్తం పేరే ఒక పేపరు హెడ్డింగు. పాత్రలూ కెమెరా వైపు తిరిగి, పోలీసులకి వాంగ్మూలం ఇస్తున్నట్టు, రోము యాసలో పత్రికల పెద్ద పెద్ద మాటలు కలిపి మాట్లాడతాయి. మన మేస్త్రి ఎవరైనా ‘సదరు మహిళతో పరిచయం ఏర్పడిన మీదట’ అంటే ఎలా ఉంటుందో అలా. అమెరికాలో దీనికి ‘పిజ్జా ట్రయాంగిల్’ అని పేరు పెట్టి ఆ రుచంతా పోగొట్టారు.

మన పేపర్లలో దీనికి సరిజోడు ‘ప్రాణం తీసిన అనుమానం’. కర్త ఎవరో చూడండి, అనుమానం! చంపినవాడు వాక్యంలోనే లేడు. ఒరెస్తెకి అనుమానం లేకపోతే మరీ మంచిది, హెడ్డింగు పెట్టేవాడు అదంతా చూసుకుంటాడా?

స్కోలా వెక్కిరించింది ఈ భాషనే అనుకుంటాను. ఆ వెక్కిరింత ఇంకా పదునుగానే ఉంది. పాతబడింది వేరే. అదెలాయిదే దెబ్బలు తినే చోట్ల నాకు నవ్వు రాలేదు. ఆఖరికి కూడా పోయిన మనిషి కంటే ఒరెస్తె మీదే జాలి కలుగుతుంది. ఆ పాత్రని మార్చెల్లో మాస్త్రొయాని అంత బాగా చేశాడు మరి, కాన్‌ సినిమా ఉత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఊరికే రాలేదు. అప్పట్లో ఇటలీ పత్రికలు ఇలాంటివాటిని ‘దెలిత్తో పస్సియొనాలె’, అంటే ప్రేమావేశపు నేరం అనేవి. ఇప్పుడు ‘ఫెమ్మినిచీదియొ’ అంటున్నాయి, స్త్రీహత్య. భార్యనో కూతురినో అక్కచెల్లెళ్లనో ‘పరువు’ కోసం చంపితే శిక్ష తగ్గించే 587వ సెక్షన్ అక్కడ 1981 దాకా ఉంది.

అడిగినవారు: ఒప్పుకున్నాను. ‘ప్రాణం తీసిన అనుమానం: వివరాలు జిల్లా పేజీలో’ అని పెట్టేస్తున్నాను.

ఇంకొకరు: జరిగింది రోములో కదండీ, జిల్లా పేజీ ఏమిటి? సిటీ పేజీ.