ఎగ్జార్సిస్ట్ రీరిలీజ్: ఏ వెర్షన్ వేస్తున్నారో ఎలా తెలుస్తుంది, తమ్ముణ్ణి తీసుకెళ్ళొచ్చా?

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ (ప్రశ్న):
అందరికీ నమస్తే. పాపకి దయ్యం పట్టే ఆ పాత ఇంగ్లీష్ సినిమా ఎగ్జార్సిస్ట్ మళ్ళీ ఇక్కడ బెంగళూరులో థియేటర్లో వేస్తున్నారని ఆఫీసులో అంటున్నారు, నేను ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూడ్డమే తప్ప పూర్తిగా ఎప్పుడూ చూళ్ళేదు, ఈసారి పెద్ద స్క్రీన్ మీద చూడాలని గట్టిగా ఉంది. డౌట్లేంటంటే, రెండు వెర్షన్లున్నాయంట కదా, ఏది వేస్తున్నారో బుక్ చేసేముందు ఎలా తెలుసుకోవాలి? మా తమ్ముడు ఇంటర్ సెకండియర్, పదిహేడేళ్ళు, సెలవలకి కర్నూలు నుంచి వస్తున్నాడు, నేనూ వస్తానని ఒకటే గొడవ. ఇంకోటి, మా రూమ్మేట్‌కి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, వాడు రావచ్చా? తెలుగు డబ్బింగ్ లేకపోతే అర్థమవుతుందా?

కోరమంగళ అక్క:
ముందు తమ్ముడి సంగతి. బుకింగ్ పేజీలో సినిమా పేరు కిందే సర్టిఫికెట్ ఉంటుంది చూడు. 'ఏ' (A) అని ఉంటే 18 నిండాల్సిందే, అమ్మానాన్న పక్కనున్నా కుదరదు, పెద్దవాళ్ళు తోడుంటే సరిపోయేది యూఏ సినిమాలకి. గేటు దగ్గర ఆధార్ అడిగి ఆపేశారంటే వాడి మొహం చూళ్ళేవు, టికెట్ డబ్బులూ పోతాయి, వీకెండ్‌లో ఇక్కడి రేట్లు నీకు తెలియనివి కావు. రూల్ పక్కన పెట్టినా నేనైతే వద్దనే అంటా తమ్ముడూ. అందులో పాపకి పన్నెండేళ్ళు, ఆ పిల్ల నోట వచ్చే బూతులూ, శిలువతో ఒక సీనూ పెద్దవాళ్ళకే మింగుడుపడవు. ఒక్క ఏడాది ఆగితే వాడే చూస్తాడు.

జేపీ నగర్ సౌండ్ పిచ్చోడు:
వెర్షన్ గురించి నేను చెప్తా బ్రో. రన్‌టైమ్ చూడు, అంతే. 1973లో వచ్చినది సుమారు 2 గంటల 2 నిమిషాలు, 2000లో కొన్ని సీన్లు కలిపి వదిలింది 2 గంటల 12 నిమిషాలు. పది నిమిషాల తేడాలో ఏముందంటే, పాప మెట్ల మీద తలకిందులుగా సాలెపురుగులా దిగే సీను, మొదట్లో డాక్టర్ దగ్గరికి వెళ్ళడం, ఇద్దరు ఫాదర్లు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకోవడం, ఆఖర్న పోలీసాయనకీ ఇంకో ఫాదర్‌కీ మాటలు. సౌండ్ కూడా కొత్తగా మిక్స్ చేశారు.

మొదటిసారి చూసేవాడివి కాబట్టి నా ఓటు 1973దానికే. డైరెక్టర్ ఫ్రీడ్‌కిన్ అప్పుడు కోసేసింది ఊరికే కోయలేదు, మెట్ల సీను అంత తొందరగా వచ్చేస్తే మెల్లగా బిగుసుకుంటూ వచ్చిన పట్టు సడలిపోతుంది అనిపిస్తుంది నాకు. కొత్తదే దొరికితే మానుకోకు మాత్రం, ఫోన్లో చూసినదానికీ హాల్లో చూసినదానికీ పోలికే లేదు, ఎందుకంటే ఈ సినిమా ప్రాణమంతా సౌండులోనే ఉంది, 1973 సినిమాకి వచ్చిన రెండు ఆస్కార్లలో ఒకటి సౌండుకే, ఇంకోటి స్క్రీన్‌ప్లేకి. మొదట్లో అటక మీద ఏదో గీకుతున్న చప్పుడు వస్తుంది, తల్లి ఎలుకలనుకుని బోన్లు పెట్టమంటుంది, తనే కొవ్వొత్తి పట్టుకుని పైకెక్కుతుంది. ఆ గీకుడు హాల్లో నీ నెత్తి మీంచే వస్తుంది, ఫోన్ స్పీకర్లో అయితే వినపడి చావదు. పాపలోంచి పలికే ఆ బొంగురు గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే పెద్ద నటిది, ఆవిడ పేరు మొదట్లో టైటిల్స్‌లో వెయ్యలేదు, ఆ తర్వాత పోరాడి వేయించుకుంది. కాబట్టి సీటు మధ్య వరసల్లో నడిమధ్యకి తీసుకో, మరీ వెనక మూలకి పోకు.

జయనగర్ నర్సు:
రూమ్మేట్ గురించి. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ఇందులో భయపడాల్సింది దయ్యం సీన్లకి కాదు, ఆసుపత్రి సీనుకి. పాపకి మెడలో సూది గుచ్చి యాంజియోగ్రామ్ తీస్తారు, రక్తం చిమ్ముతుంది, ఆ మెషీన్ల మోత, పిల్ల మొహం, చాలా నిజంగా ఉంటుంది, రోజూ ఇవే చూసే నాకే కడుపులో తిప్పింది. ఖాళీ కడుపుతో రావద్దని చెప్పండి, నీళ్ళు బాగా తాగమనండి, వరస చివర్న సీటు తీసుకోండి. పాపని ఆసుపత్రిలో పడుకోబెట్టగానే తల దించుకుని కూర్చోమనండి. చెమటలు పట్టి చూపు మసకబారితే లేచి బయటికి పరిగెత్తకూడదు, అలా నడుస్తూ పడిపోతేనే తలకి దెబ్బలు తగులుతాయి. కూర్చునే కాళ్ళూ తొడలూ చేతులూ గట్టిగా బిగబట్టాలి, తగ్గకపోతే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. ఇదివరకు పూర్తిగా స్పృహ తప్పి ఉంటే మాత్రం తీసుకురాకండి, దయచేసి.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. తమ్ముడికి ఫోన్ చేసి నో చెప్పేశా, అలిగాడు. నోట్లోంచి పొగ వస్తుంది చూడండి ఆ రూమ్ సీన్లలో, అది గ్రాఫిక్సా? చర్చి సంగతులేవీ తెలియకపోతే ఇబ్బందా?

వైట్‌ఫీల్డ్ పెద్దాయన:
గ్రాఫిక్స్ కాదు బాబూ, 1973లో అవెక్కడివి. ఆ బెడ్‌రూమ్ సెట్టు మొత్తాన్ని ఏసీలు పెట్టి గడ్డకట్టేంత చల్లగా చేశారు, అది నటుల ఊపిరే. పాప వేసిన అమ్మాయి లిండా బ్లెయిర్ పల్చటి నైట్‌గౌన్‌తో అందులోనే పడుకుంది. ముసలి ఫాదర్‌గా వేసిన మాక్స్ వాన్ సిడోకి అప్పటికి నలభై దాటి కొద్దికాలమే అయింది, డిక్ స్మిత్ మేకప్పుతో డెబ్బై దాటినట్టు కనపడతాడు, దగ్గరగా చూపించినప్పుడు మెడ చర్మం చూడు.

చర్చి సంగతులు తెలియకపోయినా ఏం పర్లేదు. మన ఊళ్ళల్లో పిల్లకి గాలి సోకిందంటే ముందు తాయెత్తు కట్టేవాడి దగ్గరికే తీసుకెళ్ళేవాళ్ళు, ఏమీ కుదరకపోతే అప్పుడు పెద్దాసుపత్రి. ఇందులో అంతా తిరగబడి ఉంటుంది, తల్లికి దేవుడి మీద నమ్మకం లేదు, స్కాన్లన్నీ అయిపోయి డాక్టర్లే చేతులెత్తేసి చర్చికి వెళ్ళి చూడమంటారు, అక్కడ తల్లి అడిగిన కుర్ర ఫాదరేమో స్వయంగా సైకియాట్రిస్టు, రుజువులు కావాలంటాడు. నన్ను కదిలించింది అదే, బిడ్డ కళ్ళముందే చేజారిపోతుంటే ఎవరిని అడగాలో తెలియని తల్లి. ఆ పాత్రలో ఎలెన్ బర్స్టిన్‌ని చూస్తే గొంతు పట్టేస్తుంది. నవల రాసిన బ్లాటీ అమెరికాలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు 1949లో దయ్యం పట్టిందన్న మేరీల్యాండ్ కుర్రాడి గురించి పేపర్లో చదివాడు, కథకి మూలం అదే. ఇంకో మాట, మొదటి పది నిమిషాలు ఇరాక్‌లో తవ్వకాలు, మాటలు తక్కువ, కథ మొదలవలేదని పాప్‌కార్న్‌కి లేచిపోకు, అక్కడ దొరికే చిన్న బొమ్మ తల గుర్తుపెట్టుకో.

కోరమంగళ అక్క:
డబ్బింగ్ దొరక్కపోతే ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్న షో ఏదైనా ఉందేమో చూడు, ఫాదర్లు గొణిగే మాటలు కొన్ని జారిపోతాయి. మన రీరిలీజుల్లా పేపర్లు ఎగరేసే జనం కాకుండా నిశ్శబ్దంగా కూర్చునేవాళ్ళు ఉండే షో కావాలంటే వీక్‌డే సాయంత్రం బెటర్. సెకండ్ షోకి వెళ్తే మెట్రో ఉండదు, క్యాబ్ డబ్బులు లెక్కేసుకో.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్:
సరే అక్కా, మంగళవారం ఆరున్నర షో అనుకుంటున్నా, రూమ్మేట్ ఇదివరకు రెండుసార్లు పూర్తిగా పడిపోయాడంట, వాడు ఇంట్లోనే.

జేపీ నగర్ సౌండ్ పిచ్చోడు:
డబ్బులు కట్టే ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టు బ్రో, రన్‌టైమ్ చూసి ఏ వెర్షనో చెప్తా. ఇంటర్వెల్ టైమ్ కలిపి రాసినా ఒకోసారి లెక్క తప్పుతుంది.