కిలోమీటరు లెక్కన టోల్: పెట్టాలా, వద్దా?

కృష్ణాతీరం: 2024 సెప్టెంబరులో కేంద్రం టోల్ నిబంధనలు సవరించింది. ఉపగ్రహ పరికరం ఉన్న బండికి రోజుకు ఒక్కో వైపు 20 కిలోమీటర్ల దాకా సున్నా, అది దాటితే తిరిగిన దూరానికి వసూలు. 2025 ఏప్రిల్‌లో మాత్రం, మే 1 నుంచి దేశమంతా పెట్టే నిర్ణయమేదీ లేదని ప్రకటించారు. వెంటనే పెట్టాలంటాను. హైదరాబాద్-విజయవాడ హైవే మీద నకిరేకల్ నుంచి సూర్యాపేట ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. మధ్యలో కొర్లపహాడ్ గేటు ఉన్న పాపానికి ఫుల్ టోల్ పడుతోంది.

గోప్యత_ముందు: ఫాస్టాగ్‌లో పడేది గేటు పేరు, టైము. ఈ పరికరం బండి ఏ సందులో ఎంతసేపు ఆగిందో కూడా పట్టగలదు.

కృష్ణాతీరం: జేబులో ఫోన్ చేసేదీ అదే కదండీ.

గోప్యత_ముందు: ఫోన్ ఆపేస్తే ఎవరూ అడగరు. ఇది ఆపితే టోల్ ఎగ్గొట్టినట్టు. జర్మనీలో లారీలకు 2005 నుంచి ఉపగ్రహ టోల్ నడుస్తోంది. ఆ సమాచారాన్ని వేరే పనికి వాడకూడదని టోల్ చట్టంలోనే రాసుకున్నారు. మన 2023 డేటా చట్టమేమో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికే వదిలింది. ముందు ఆ మాట చట్టంలో రాయండి, తర్వాత బిగించండి.

ఔటర్_రోజూ: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కినచోట, దిగినచోట ట్యాగ్ చదివి దూరానికే తీసుకుంటున్నారు. జీపీఎస్ ఎందుకు?

కృష్ణాతీరం: ఔటర్ దిగాలంటే ఇంటర్‌ఛేంజ్ ఒక్కటే దారి. విజయవాడ హైవేకి ప్రతి ఊరి రోడ్డూ కలుస్తుంది. ఎన్ని రీడర్లు పెడతారు?

పద్నాలుగు_టైర్లు: ఆ 20 కిలోమీటర్ల మినహాయింపు నేషనల్ పర్మిట్ బండ్లకు, అంటే రాష్ట్రాలు దాటి సరుకు మోసే లారీలకు, లేదు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

లెక్క_తేలాలి: 20 దాటితే "వాస్తవంగా తిరిగిన దూరానికి" అని ఉంది. అంటే 21 తిరిగితే ఒక్క కిలోమీటరుకు కాదు, 21కీ కట్టాలి.

కృష్ణాతీరం: కాదు, 20 తీసేసి లెక్కేస్తారు.

లెక్క_తేలాలి: తీసేస్తారని ఎక్కడుంది? పైగా జీపీఎస్ ఐదు పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చాలాచోట్ల సర్వీసు రోడ్డు అంత దూరంలోనే ఉంటుంది. ఫ్లైఓవర్ మీది బండికీ కింది బండికీ అక్షాంశ రేఖాంశాలు ఒకటే. సర్వీసు రోడ్డు మీద పోయిన రెండు కిలోమీటర్లు హైవే ఖాతాలో పడితే 19 కాస్తా 21 అవుతుంది. తప్పని రుజువు చేయాలంటే వెళ్ళిన దారంతా ఎక్కడో భద్రంగా ఉండాలి. దారి చెరిపేస్తే ఫిర్యాదుకు ఆధారం ఉండదు, దాచితే గోప్యత ఉండదు.

గోప్యత_ముందు: దాచేది పరికరంలోనే దాచాలి. బయటికి మొత్తం రూపాయలే పోవాలి. ఫిర్యాదు చేసినరోజు యజమానే విప్పి చూపిస్తాడు.

కోదాడ_దారి: ముందు డబ్బు సంగతి చూడండి. సూర్యాపేట నుంచి కోదాడ నలభై కిలోమీటర్ల పైమాటే. కొర్లపహాడ్ గేటు సూర్యాపేటకు హైదరాబాద్ వైపు, చిల్లకల్లు గేటు కోదాడకు విజయవాడ వైపు. మధ్యలో తిరిగేవాళ్ళకు ఇవాళ టోల్ లేదు. ఈ పద్ధతి వస్తే రోజూ పడుతుంది.

కృష్ణాతీరం: ఇప్పుడు బయటపడింది! గోప్యత అంటూ ఇంతసేపు సాగదీసింది ఇందుకా? నకిరేకల్ వాళ్ళ డబ్బుతో మీరు ఉచితంగా తిరగాలా?

గోప్యత_ముందు: నాకు కోదాడతో ఏ సంబంధమూ లేదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

కోదాడ_దారి: నేను గోప్యత మాటే ఎత్తలేదు, డబ్బనే చెప్పాను. నకిరేకల్‌లో సొంత కారుంటే గేటుకు 20 కిలోమీటర్ల లోపు వాళ్ళకిచ్చే నెల పాస్ తీసుకోవచ్చు, 2025-26లో 350 రూపాయలు. కొత్త పద్ధతిలో మాకు అలాంటిదేదీ రాసిలేదు. కలెక్టరేటు సూర్యాపేటలో ఉంది, పోక తప్పదు. ఈ హైవే కొత్తదేం కాదు, పాత 9వ నంబరు జాతీయ రహదారినే వెడల్పు చేసి టోల్ పెట్టారు. ఊరివాళ్ళకు టోల్ లేని దారి ఒకటి చూపించి అప్పుడు మీటరు తిప్పండి.

కృష్ణాతీరం: ఆ పాస్ టాక్సీకి ఇవ్వరు. నకిరేకల్ టాక్సీవాడికీ టోల్ లేని దారి కావాలి, అది ఎక్కడుంది?

పద్నాలుగు_టైర్లు: నేషనల్ పర్మిట్ సంగతి అడిగాను.