ఇంగ్లండ్‌కి కొత్త, బాబుకి 20 నెలలు, వచ్చే నెల ఉద్యోగంలో చేరాలి: నర్సరీ గురించి సలహా కావాలి

రీడింగ్ నుంచి, కొత్త సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మేం ఇక్కడికి వచ్చి కొద్ది వారాలే అయింది. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నేనూ బాబూ డిపెండెంట్లం. నాకు కూడా ఉద్యోగం దొరికింది, వచ్చే నెల చేరాలి. వారంలో కొన్ని రోజులు ఆఫీసుకి వెళ్ళాలి. బాబుకి 20 నెలలు. ఇప్పటిదాకా నన్ను వదిలి ఎవరి దగ్గరా ఉండలేదు, తెలుగు తప్ప ఇంకో మాట తెలీదు. నర్సరీకి అలవాటు పడటానికి ఎన్నాళ్ళు పడుతుంది? నేను చేరేలోపు ఎంత టైం పెట్టుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

హౌన్స్‌లో నుంచి:

చెల్లీ, అలవాటు సంగతి తర్వాత, ముందు డబ్బు సంగతి చూసుకో. 2025 సెప్టెంబర్ నుంచి 9 నెలలు నిండిన పిల్లలకి వారానికి 30 గంటలు ఫ్రీ. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగం చేస్తూ, ఇద్దరికీ కనీస ఆదాయం ఉండి, ఎవరి ఆదాయమూ లక్ష పౌండ్లు దాటకపోతే చాలు. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే కోడ్ ఇస్తారు, అది నర్సరీకి ఇవ్వాలి. మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లోకి వెళ్ళి మళ్ళీ కన్ఫర్మ్ చేయాలి, లేకపోతే కోడ్ చెల్లదు. జనవరిలో మొదలుపెట్టాలంటే డిసెంబర్ 31 లోపు కోడ్ చేతిలో ఉండాలి. వెంటనే చేసేయ్.

మిల్టన్ కీన్స్ నుంచి:

అన్నయ్యా, ఆగండి. ఆ అమ్మాయి వాళ్ళది స్కిల్డ్ వర్కర్ వీసా అని రాసింది కదా. వాళ్ళ వీసా మీద నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ అని, అంటే ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదని ఉంటుంది. ఇద్దరిలో ఒక్కరికైనా సిటిజన్‌షిప్పో, ఐఎల్‌ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) లాంటి సెటిల్డ్ హోదానో ఉంటే తప్ప ఆ 30 గంటలు రావు. టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (నర్సరీ ఫీజుకి ప్రభుత్వం కొంత కలిపే పథకం) కూడా రాదు. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్‌కి అయితే పొరపాటున కూడా అప్లై చేయకూడదు, వీసా షరతు తప్పినట్టు అవుతుంది. తొందరపడి ఏదీ క్లెయిమ్ చేయకమ్మా.

మీకు వచ్చేది ఒకటుంది. మూడేళ్ళు నిండిన తర్వాత వచ్చే టర్మ్ నుంచి వారానికి 15 గంటలు, ఏడాదికి 38 వారాలు. అది పిల్లలందరికీ ఇచ్చేది, తల్లిదండ్రుల వీసా చూడరు. అప్పటిదాకా మొత్తం ఫీజు మీరే కట్టుకోవాలని లెక్క వేసుకోండి.

హౌన్స్‌లో నుంచి:

మాకు వచ్చింది కాబట్టే చెప్పాను. మా పాపకి అప్లై చేస్తే ఎవరూ ఏమీ అడగలేదు.

మిల్టన్ కీన్స్ నుంచి:

మీకు అప్పటికే ఐఎల్‌ఆర్ ఉంది అన్నయ్యా. అందుకే వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ తేడా చెప్పకపోతే వాళ్ళ బడ్జెట్ అంతా తలకిందులవుతుంది.

లెస్టర్ నుంచి:

ఈ నర్సరీల గొడవ ఎందుకమ్మా? అత్తగారినో అమ్మనో పిలిపించుకో. మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ అమ్మమ్మ, నానమ్మల చేతుల్లోనే పెరిగారు. ఒకరు వెళ్తుంటే ఒకరు వచ్చారు. విజిటర్ వీసా మీద ఏడాదిలో 180 రోజులు ఉండొచ్చు, అది రూలు. పసివాడు తెలుగు వింటూ పెరుగుతాడు, నువ్వు ఆఫీసులో ప్రశాంతంగా కూర్చుంటావు.

స్లవ్ నుంచి:

ఏడాదికి 180 రోజులు అనే రూలు లేదక్కా. ఈ మాట మన వాళ్ళలో ఎలా పాకిందో గానీ అందరూ అదే చెప్తారు. ఉన్న రూలు ఏమిటంటే, ఒక్కో విజిట్ ఆరు నెలలు దాటకూడదు, మళ్ళీ మళ్ళీ వస్తూ ఇక్కడే కాపురం ఉంటున్నట్టు కనిపించకూడదు. మనవడిని చూసుకోవడానికి రావడం తప్పు కాదు. కొద్దికాలం వచ్చి చూసుకోవచ్చు, కానీ ఆయా ఉద్యోగంలా ఉండకూడదు. ఇమిగ్రేషన్ దగ్గర అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. ‘ఊరికే చూడ్డానికి వచ్చాను’ అని ఒకసారి, ‘మనవడి కోసం’ అని ఇంకోసారి చెప్తే అనుమానం వస్తుంది.

ఇంకో సంగతి. వాళ్ళకి ఇన్సూరెన్స్ తప్పనిసరిగా తీసుకోవాలి. జీపీ (ఇంటి దగ్గరి డాక్టరు) దగ్గర, ఎమర్జెన్సీలో డబ్బు కట్టకుండా చూపించుకోవచ్చు గానీ, ఆసుపత్రిలో చేరితే విజిటర్ దగ్గర అసలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. బీపీ, షుగర్ ఉన్న పెద్దావిడకి చలికాలంలో రోజంతా పరిగెత్తే పిల్లవాడిని అప్పగించేటప్పుడు అది కూడా ఆలోచించాలి.

లెస్టర్ నుంచి:

మా అత్తగారు ఇన్నేళ్ళుగా వస్తూ పోతూనే ఉన్నారు, ఏనాడూ ఆపలేదు. ఆవిడకి ఇక్కడ కాలక్షేపం, మాకు ధైర్యం.

స్లవ్ నుంచి:

ఆపలేదంటే రూలు లేదని కాదు కదక్కా. నానమ్మ తిరిగి వెళ్ళిన మర్నాడు ఏం చేయాలో కూడా ఈ అమ్మాయికి తెలియాలి. ఆరు నెలలు నానమ్మ దగ్గర ఉండి, ఒక్కసారిగా నర్సరీలో వదిలితే పిల్లవాడికి ఇంకా కష్టం.

మాంచెస్టర్ నుంచి:

నర్సరీ కన్నా ముందు ఇల్లు చూసుకో తల్లీ. ఎవరూ చెప్పని మాట చెప్తున్నాను, పెద్దదిగా ఉన్నా ఓపిగ్గా చదువు.

మా పాపకి రెండేళ్ళప్పుడు ఒక పాత ఇంట్లో అద్దెకి ఉండేవాళ్ళం. అక్టోబర్ రాగానే పడకగది గోడ మీద, కిటికీ చుట్టూ నల్లటి బూజు మొదలైంది. పాపకి రాత్రంతా దగ్గు. పొద్దున నర్సరీకి పంపిస్తే మధ్యాహ్నానికి ఫోన్: ‘ఆయాసపడుతోంది, వచ్చి తీసుకెళ్ళండి’. నేను ఆఫీసు నుంచి ఏడుస్తూ బయల్దేరేదాన్ని. మా మేనేజర్ మంచివాడే, అయినా ప్రతి వారం ఇదే కథ చెప్పాలంటే నోరు రాదు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, ‘మీరు వంట ఎక్కువ చేస్తారు, బట్టలు లోపల ఆరేస్తారు, కిటికీలు తెరవరు, అందుకే’ అన్నాడు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో బట్టలు ఉతకకుండా ఎలా? జనవరిలో కిటికీలు తెరిచి పిల్లని పడుకోబెట్టమంటాడా? నేను రోజూ తెల్లవారకముందే లేచి గోడ తుడిచి, మాస్క్ తీసేసి, పిల్లని లేపి, పరుగు. గోడ తుడిచిన వారానికే మళ్ళీ నల్లబడేది.

ఆఫీసులో ఒక ఇంగ్లీషావిడ చెప్పింది, ‘ఫోన్లు మానేసి అన్నీ మెయిల్‌లో పెట్టు, తేదీ కనిపించేలా ఫొటోలు తియ్యి, జీపీ చూసిన ప్రతిసారీ కాగితం దాచు’ అని. అలాగే చేశాం. అప్పటికీ ఓనర్ కదల్లేదు. చివరికి స్థానిక కౌన్సిల్‌లో, ఇళ్ళ పరిస్థితి తనిఖీ చేసే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్ళకి రాశాం. వాళ్ళ మనిషి వచ్చి మీటర్ పెట్టి గోడలన్నీ చూశాడు. స్నానాలగదిలో ఫ్యాన్ తిరుగుతోంది గానీ దాని గొట్టం బయటికి లేదు, ఆవిరంతా పైకప్పులోకే పోతోంది! మేం వంట చేసినందుకు కాదు. ఆ రిపోర్ట్ వెళ్ళాకే పనివాళ్ళు వచ్చారు. గొట్టం సరిచేసి, గోడ గీకి మళ్ళీ ప్లాస్టర్ చేశాక పాప రాత్రుళ్ళు పడుకుంది, నర్సరీ ఫోన్లు తగ్గాయి. ఇల్లు మనుషులు ఉండటానికి పనికొచ్చేలా ఉంచాల్సింది ఓనరే అని 2018లో చట్టం కూడా చేశారు. ఏజెంట్ మాట విని నీ వంటనే తప్పు పట్టుకోకు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు బీరువా జరిపి వెనక గోడ చూడు. బాత్‌రూమ్ ఫ్యాన్ వేసి, బయటికి వెళ్ళి గాలి వస్తోందో లేదో చూడు. కొత్తగా పెయింట్ వేసిన వాసన ఒక్క గదిలోనే వస్తే ఎందుకని అడుగు.

బ్రిస్టల్ నుంచి:

అందరూ మంచి మాటలే చెప్పారు గానీ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తాను.

చేరే తేదీకి ముందు కనీసం రెండు వారాలు చేతిలో పెట్టుకో. సెట్లింగ్ ఇన్ అంటారు. మొదటి రోజు నువ్వూ అక్కడే కూర్చుంటావు. తర్వాత కాసేపు బయటికి వెళ్ళి వస్తావు. ఆ తర్వాత భోజనం దాకా, చివరికి మధ్యాహ్నం నిద్ర దాకా. అన్నిటికన్నా ఆలస్యంగా కుదిరేది నిద్రే. అక్కడ పడుకున్నాడంటే వాడికి నమ్మకం కుదిరినట్టే. వదిలేటప్పుడు చాటుగా జారుకోకు. ఏడ్చినా సరే, కనిపించి, టాటా చెప్పి, వెళ్ళు. చెప్పకుండా మాయమైతే మర్నాడు గుమ్మం దగ్గరే కాళ్ళు చుట్టేస్తాడు.

ప్రతి పిల్లవాడికీ కీ పర్సన్ అని, ప్రత్యేకంగా చూసుకునే ఒకరిని కేటాయించాలి, అది నర్సరీలకి చట్టం పెట్టిన నియమం. వాళ్ళెవరో, వాళ్ళు సెలవు పెడితే ఎవరు చూస్తారో అడుగు. వాడు నీళ్ళకి, పాలకి, నిద్రకి, బాత్‌రూమ్‌కి ఏమంటాడో ఇంగ్లీషు అక్షరాల్లో కాగితం మీద రాసివ్వు. చాలా ఏడుపులు ఆగిపోతాయి.

ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు. రెండేళ్ళలోపు పిల్లలకి ఇంగ్లండ్‌లో ముగ్గురికి ఒక మనిషి ఉండాలి. రెండేళ్ళు నిండితే ఐదుగురికి ఒకరు చాలు. మీ బాబుకి ఇంకో నాలుగు నెలల్లో రెండేళ్ళు. అంటే ఇప్పుడిప్పుడే కుదురుకుంటుండగా గది మారుస్తారు, మనిషి మారతారు, మళ్ళీ ఏడుపు మొదలు. ఎప్పుడు మారుస్తారో చేర్చేటప్పుడే అడిగి, ఆ వారం ఆఫీసులో పెద్ద పనులు పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. అలవాటు పడటం కష్టమే గానీ అది అయిపోతుంది. మొదటి చలికాలం జబ్బులు మాత్రం వరసగా వస్తాయి. వాంతులు, విరేచనాలు అయితే ఆగిన తర్వాత 48 గంటల దాకా రానివ్వరు. చికెన్‌పాక్స్ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఇంట్లోనే. పంపకపోయినా ఫీజు మాత్రం కట్టాలి. ముందు జీపీ దగ్గర రిజిస్టర్ చేసి, ఇండియా టీకాల కార్డు చూపించు. 2026 జనవరి నుంచి చికెన్‌పాక్స్ టీకా కూడా ఇక్కడి పిల్లల షెడ్యూల్‌లో చేర్చారు, మీ బాబుకి ఏవి బాకీ ఉన్నాయో వాళ్ళే చూస్తారు.

నర్సరీ ఫారంలో మొదటి ఫోన్ నంబర్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ మన అమ్మాయిలందరూ ఆలోచించకుండా తమ నంబరే రాస్తారు. ఆ గడిలో ఉన్నవాళ్ళకే ఏడాదంతా ఫోన్లు వస్తాయి. మీవారి నంబర్ రాయి. కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్‌లో ఉండేది నువ్వు.

బర్మింగ్‌హామ్ నుంచి:

మేడమ్, ఇది ఒప్పుకోను. వాళ్ళ వీసా అంతా ఆయన ఉద్యోగం మీదే ఉంది. ఆ ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని (వీసాకి పూచీ ఉండే కంపెనీని) వెతుక్కోవాలి, లేదా అందరూ తిరుగుటపా కట్టాలి. అలాంటప్పుడు ఆయన్ని ఆఫీసులోంచి లేపడం తెలివైన పని కాదు.

బ్రిస్టల్ నుంచి:

పిల్లవాడికి బాగోలేదని ఒక రోజు వెళ్ళినంత మాత్రాన వీసా పోదండీ. పిల్లలకి హఠాత్తుగా అవసరం వస్తే టైం ఆఫ్ ఫర్ డిపెండెంట్స్ కింద వెళ్ళే హక్కు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఉంది, తల్లికీ తండ్రికీ సమానంగా. జీతం ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. ఆ సెలవు వాడుకున్నందుకు తీసేస్తే, ఎన్నాళ్ళ సర్వీసు ఉన్నా లేకపోయినా, అది అన్యాయపు తొలగింపే. స్పాన్సర్‌షిప్‌లో చూసుకోవాల్సింది వేరే: జీతం లేని సెలవులు క్యాలెండర్ ఏడాదిలో మొత్తం నాలుగు వారాలు దాటకూడదు. ప్రసూతి సెలవు, సిక్ లీవ్ లాంటివి అందులోకి రావు. ఆ లెక్క రాసి పెట్టుకుంటే చాలు.

ఆయనది ముఖ్యమైన ఉద్యోగం, ఆవిడది కాదు అని మొదట్లోనే తీర్మానిస్తే, ఆరు నెలల్లో ఆవిడ ఉద్యోగం మానేస్తుంది. నా చుట్టూ ఎంతమందినో చూశాను. చదువుకుని, ఇంటర్వ్యూలు నెగ్గి, ఒక్క చలికాలానికి ఇంట్లో కూర్చున్నారు. బాధగా ఉంటుంది.

బర్మింగ్‌హామ్ నుంచి:

మీ బాధ అర్థమైంది. అయినా స్పాన్సర్‌షిప్ మీద ఉన్నప్పుడు పడే భయం పడినవాళ్ళకే తెలుస్తుంది. మేం రోజులు పంచుకున్నాం. సోమ, మంగళ నేను వెళ్తాను, మిగతావి మా ఆవిడ. నర్సరీకి కూడా అదే రాసిచ్చాం.

బ్రిస్టల్ నుంచి:

అదే నేను చెప్పేది కూడా. రోజులు పంచుకుని నర్సరీకి రాసిచ్చారంటే, ఫోన్ ఎప్పుడూ ఆవిడకే వెళ్ళదు కదా. చెల్లీ, నువ్వూ చేరగానే ఫ్లెక్సిబుల్ వర్కింగ్ (పని వేళలు, ఆఫీసు రోజులు మార్చమని) అడగొచ్చు, 2024 ఏప్రిల్ నుంచి మొదటి రోజే ఆ హక్కు ఉంది. ఒప్పుకోవాలని లేదు, రెండు నెలల్లోపు జవాబు మాత్రం ఇవ్వాలి. ఆయన ఆఫీసుకి వెళ్ళని రోజులే నీ ఆఫీసు రోజులుగా అడుగు.

రీడింగ్ నుంచి, కొత్త సభ్యురాలు:

అందరికీ చాలా థాంక్స్. ఇప్పటిదాకా 30 గంటలు వస్తాయనే లెక్కలోనే ఉన్నాం, ఇంకా అప్లై చేయలేదు. చేరే తేదీ రెండు వారాలు జరపమని ఆఫీసుకి మెయిల్ పెట్టాను, సరే అన్నారు. ఫారంలో మొదటి నంబర్ మావారిదే రాశాం, ఆయనే రాశారు. మూడో నంబర్ కూడా అడుగుతున్నారు, ఊళ్ళో ఇంకొకరిది. మాకిక్కడ ఎవరూ తెలీదు.

రీడింగ్ నుంచి, పాత సభ్యురాలు:

మేమూ రీడింగ్‌లోనే ఉంటాం అమ్మా, స్టేషన్‌కి దగ్గర. మెసేజ్ పెట్టు, నా నంబర్ ఇస్తాను. నా ఫొటో కూడా నర్సరీకి ఇవ్వాలి, పికప్ పాస్‌వర్డ్ నాకు చెప్పి ఉంచు, లేకపోతే ఎంత బతిమాలినా పిల్లవాడిని పంపరు. ఈ ఆదివారం బాబుని తీసుకుని రండి. ముందు వాడు నన్ను గుర్తుపట్టాలి కదా.