హన్మకొండల ఆదివారం పొద్దున ఒక రోడ్డు బండ్లకు బంద్ పెడ్తే ఎట్లుంటది?

అన్నలు, అక్కలు, ఒక డౌటు. పిల్లగానికి సైకిల్ కొనిచ్చిన గని తొక్కనీకి జాగనే లేదు, గల్లీ నిండ కార్లే. హైదరాబాద్‌ల 2021ల ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రం 5 నుంచి 10 దాకా బండ్లకు బంద్ పెట్టిండ్రు కదా, గట్లనే మన సుబేదారి రోడ్డు పొద్దుగాల ఓ మూడు గంటలు ఆపితే?

కాజీపేటోడు: ఐడియా మంచిదే తమ్మీ, గని అది మెయిన్ రోడ్డు, బస్సులు అటుకెల్లే పోవాలె, ఎంజీఎం దవఖానకు పోయే అంబులెన్సులు ఏం గావాలె? చిన్న రోడ్డు చూడు.

చౌరస్తా దుకాణం: మాకు ఆదివారమే గిరాకి. రోడ్డు 9 లోపల తెరుస్తమంటే సరే, లేకపోతే నేనే ఫస్ట్ అడ్డం పడ్త 😀

సైకిల్ పిచ్చోడు: కొలంబియా దేశంల బొగోటా అనే సిటీల 1974 నుంచి నడుస్తుంది ఇది, ఆదివారం పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా, 120 కిలోమీటర్లకు పైనే. శానా కాడ రోడ్డు మొత్తం ఆపరు, ఒక సైడే ఆపుతరు, రెండో సైడ్ బండ్లు పోతనే ఉంటయి, క్రాసింగుల కాడ మనుషులు నిలబడి ఆపి వదుల్తరు. మన దేశంల గుర్గావ్‌ల 2013ల రాహ్‌గిరి అని మొదలైంది.

పద్మాక్షి గుట్ట అక్క: సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దిక్కు ట్రాఫిక్ మళ్లిస్తరు కదా, ఆ రోజు ఊరేమన్న ఆగిపోయిందా? ముందుగాల మీ కాలనీ గల్లీతోని షురూ చెయ్ తమ్మీ, ట్రాఫిక్ పోలీసోళ్లకు ఒక కాయితం పెట్టు.

అడిగినోడు: సరే అక్కా, కార్లోళ్లను ఒప్పించుడే పెద్ద పని, అండ్ల మా బాపు కారు గూడ ఉంది.